భుజం మెత్త

సూదికి మళ్లీ దారం ఊడిపోయింది. దైవాధీనం అరుగు మీద వెలుగుకేసి తిరిగి, ఒంటికన్ను మూసి, మళ్లీ ఎక్కించాడు. పల్లకీ మోసీ మోసీ కాయలు కాచిన చేతులు, వాటికి సూది ఆనితే కదా! ఒళ్లో ఉన్నది పల్లకీ కర్ర కింద భుజానికి వేసుకునే మెత్త. ఏటేటా మనిషి కాస్త వంగిపోతుంటే, తగ్గిన ఎత్తుకి సరిపడా పాతచీర మడతేసి భార్య నాంచారమ్మ మెత్తకో పొర కలిపేది. మొన్న కార్తీకంలో ఆమెకి కుడిపక్క పడిపోయింది. ఈసారి పొర తనే వేసుకుంటున్నాడు.

"వేలు కుట్టుకునేవు," అంది లోపల మంచం మీంచి. మాట ముద్దగా వచ్చినా ఎత్తిపొడుపు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

"ఇవాళ స్వామిని మన గుమ్మంలోకి తెస్తున్నానే."

"సందు మలుపులో కర్ర తిరగదయ్యా."

"తిప్పుతా."

శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రమహావిష్ణువు ఒకప్పుడు ఈ నేలనేలిన రాజేనని పెద్దలంటారు. రాజన్నాక ఊరి బాగోగులు చూసుకోవాలిగా! గుడి గడప తొక్కలేని బాలింతల కోసం, ముసలీముతకా కోసం ఉత్సవాల్లో ఆయనే బయటికొస్తాడు. దైవాధీనానికి తెలిసిన వేదాంతమంతా ఇంతే. కాకపోతే స్వామి తిరిగేది పెద్దవీధిలోనే. సందుల్లోవాళ్లు సందు మొదటికొచ్చి దణ్ణం పెట్టుకోవాలి. నాంచారమ్మ ఇన్నేళ్లూ అలాగే పెట్టుకుంది, ఇప్పుడెలా వస్తుంది? పైగా వచ్చే ఏటి నుంచి పల్లకీకి చక్రాల బండి కడుతున్నారు. బండి ఆ సందులో అసలే పట్టదు. ఇవాళ తప్పితే మరిక లేదు.

మంచాన్ని గుమ్మానికెదురుగా లాగి, మెత్త చంకలో పెట్టుకుని గుడికి వెళ్లాడు.

ఎండెక్కేసరికి ఊరేగింపు సందు దగ్గరికొచ్చింది. పల్లకీ కర్ర ముందు కొమ్ము పట్టిన దైవాధీనం ఠక్కున ఆగిపోయాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు అర్చకుడు శశిధరాచార్యులు.

"లోపలికి పోవాలండీ. మా ఆడది మంచాన ఉంది."

"కర్ర తిరగదు. స్వామి గోడకి తగిలితే ఎంత అపచారం!"

"తగిలితే నా తల తగిలిద్దండీ. స్వామిని తగలనివ్వను."

వెనక కొమ్ము నుంచి బసవపున్నయ్య అందుకున్నాడు. "పోనీండి ఆచారిగారూ. మా బావ ఉడుంపట్టు మీకు తెలీందా?"

ఆచార్యులు స్వామి వంకా ఆ సందు వంకా చూసి, "జాగ్రత్త," అన్నాడు.

మలుపులో దైవాధీనం మెత్త జారిపోకుండా పళ్లతో కరిచిపట్టి, రెండు చేతులా కర్రని గోడ మీదుగా ఎత్తాడు. వెనకవాళ్లూ ఎత్తారు. మెడనరాలు ఉబ్బాయి. ఎప్పుడో వంగిపోయిన నడుం కాసేపు నిటారుగా నిలబడింది. "గోవిందా!" అన్నారు జనం. స్వామి మెడలో తులసిమాల ఒక్కటే కాస్త ఊగింది.

గుమ్మంలో హారతిచ్చారు. నాంచారమ్మ ఎడంచెయ్యెత్తి నుదుటికి ఆనించుకుంది. కళ్లు ధారలు కట్టాయి. తుడుచుకోకుండానే స్వామి మీంచి మొగుడి భుజం మీదికి చూపు తిప్పింది.

"ఏం కుట్లయ్యా అవి! దేవుడి ముందు పరువు తీశావు."

ఆచార్యులతో సహా అందరూ నవ్వారు.

"చూశావా స్వామిని?" అన్నాడు దైవాధీనం.

"కళ్లనిండా చూశాను."

పల్లకీ గుడికి చేర్చి అతను ఇంటికొచ్చాక, "ఆ మెత్త ఇటియ్యి," అంది.

"ఇంకెందుకే? వచ్చే ఏడు చక్రాలేగా."

"వంకర కుట్లు నేను చూడలేను. సూది కూడా ఇయ్యి."

దైవాధీనం సూదికి దారం ఎక్కించి ఆమె ఎడంచేతికిచ్చి, ఆమెకిష్టమని పులిహోర ప్రసాదం తేవడానికి మళ్లీ గుడికి వెళ్లాడు.

ఆకుపొట్లంతో తిరిగొచ్చేసరికి నాంచారమ్మ గుమ్మంకేసి తిరిగి కళ్లు మూసుకుని ఉంది. పిలిచాడు. పలకలేదు. చెయ్యి పట్టుకున్నాడు, చల్లగా తగిలింది.

"నాంచారీ! ఇది తినైనా పోవాల్సిందిగదే," అన్నాడు. పొట్లం ఆమె పక్కనే పెట్టి మంచంపట్టె మీద కూలబడి భోరుమన్నాడు.

ఆమె మోకాళ్ల మధ్య మెత్త ఇరికించి ఉంది. అతని కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి. వాటి చోట ఎడంచేత్తో వేసిన కుట్లు, దగ్గరదగ్గరగా, తిన్నగా సగం దాకా వచ్చాయి. అక్కడ సూది గుచ్చి ఉంది, దారం ఇంకా మిగిలే ఉంది.