వందనోటు మీద నీలి చుక్క

పెళ్లయి నలభై రోజులు. నా గాజుల చప్పుడుకి నాకే నవ్వొచ్చే రోజులు. ఆ పొద్దున చోడవరంలో ముసురు పట్టింది. పెరట్లో గుమ్మడిపువ్వు తడిసి ముద్దయితే, దాన్ని చూసి కూడా నవ్వుకున్నాను.

మా అత్తగారు అచ్చియ్యమ్మ నా చేతిలో వందరూపాయల నోటు పెట్టింది. పదింటికి మా ఆయన తాలూకాఫీసులో శిస్తు కట్టడానికి వెళ్తారు, అప్పుడిమ్మంది. కొడుకు వసారాలోనే ఉండగా నాకెందుకిచ్చిందని ఆలోచించలేదు. నామీద నమ్మకం కుదిరిందని పొంగిపోయి గదిలోకి పరిగెత్తాను.

నోటు వింతగా తగిలింది. అంచులు అరిగిన పాతనోటే, కానీ అప్పడంలా బిరుసుగా ఉంది. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. జనానికి ఏ డబ్బు చూసినా అనుమానమే. సంతలో దొంగనోట్లు తిరుగుతున్నాయని ఆయన మొన్ననే చెప్పారు. మంచినోటు నలిగేకొద్దీ గుడ్డలా మెత్తబడుతుందట. వెలుగుకి పట్టి చూస్తే కాగితంలో సింహాల బొమ్మ, సన్నటి దారం కనిపిస్తాయట. మా గదికున్నది అరచెయ్యంత కిటికీ. ఆ మబ్బులో ఎంత ఎత్తి పట్టినా ఏమీ కనబడలేదు.

అప్పుడు కాలేజీ చదువు గుర్తొచ్చింది. మామూలు కాగితానికి పిండి పట్టిస్తారు, అయోడిన్ తగిలితే నీలమవుతుంది. నోట్ల కాగితం నీలమవదు. ఆయన గడ్డం గీసుకునే పెట్టెలో టింక్చరు అయోడిన్ సీసా ఉంది. ముందు నా రూపాయినోటు మీద పుల్లతో చుక్క పెట్టాను. లేత పసుపు. తర్వాత వందనోటు మూల మీద పెట్టాను. చూస్తుండగానే సిరా ఒలికినట్టు ముదురు నీలం.

నా నవ్వు ఆగిపోయింది.

ఇస్తే, ఆఫీసులో దొంగనోటు కట్టబోయాడని ఆయన్ని పోలీసులకి అప్పగిస్తారు. దొంగదని చెబితే, వచ్చి రెండు నెలలైనా కాకుండా అత్తగారి సొమ్ముకి వంకపెట్టినదాన్నవుతాను. ఆయనకొక్కరికే చెబుదామంటే, పెద్దవాళ్ల ఎదుట పగలు మొగుడితో మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. గదికి ఒకటే గుమ్మం. ఆ గుమ్మానికి అడ్డంగా చేట పెట్టుకుని అత్తగారు బియ్యం ఏరుతోంది. వసారాలో ఆయన గొడుగు విప్పి చూసుకుంటున్న చప్పుడు.

"నోటిచ్చీసినావేటే?" అంది అత్తగారు, తలెత్తకుండా.

ఇస్తున్నానన్నాను. నోటు మడిచి మళ్లీ విప్పాను. ఆయనే వచ్చి తల్లి తలమీదుగా చెయ్యి చాపారు. నీలి చుక్క మీద బొటనవేలు పెట్టి నోటు అందించాను. ఆయన లాగారు. నేను వదల్లేదు.

"ఇది పట్టికెళ్లకండి," అన్నాను పైకే. "దొంగనోటు."

చేటలో బియ్యం కదలడం మానేశాయి. అత్తగారు కోప్పడలేదు, ముఖం పాలిపోయింది. నోటు తీసుకుని వాసన చూసింది.

"దొంగది కాదే. గెంజిలో పడిపోనాది."

పాతచీర కొంగున ముడేసి దాచిన నోటట. కిందటి వారం నోటు సంగతి మరిచిపోయి ఆ చీర ఉతికేసి, గంజిలో ముంచేసింది. తీసి ఆరబెట్టి, బియ్యం బస్తా కింద చదును చేసింది. కొడుకు కేకలేస్తాడని నా చేత ఇప్పించబోయింది.

ఆయన నోటుని వసారా చివరికి తీసుకెళ్లి ఆకాశానికి పట్టారు. సింహాలున్నాయి, దారమూ ఉంది. మరి ఈ నీలం ఏమిటన్నారు. గంజి కూడా పిండే కదా అని నేలచూపులు చూస్తూ చెప్పాను.

"సదువుకున్న గుంటవి. మరక తియ్యడం నేర్పలేదేటి?" అంది అత్తగారు.

నేర్పారు. నిమ్మకాయ అడిగాను. రెండు చుక్కలు పిండితే నీలం కరిగిపోయింది.

ఆయన వెళ్లాక, ఏరేసిన బియ్యాన్నే ఇద్దరం మధ్యాహ్నం దాకా మళ్లీ ఏరాం. ఆయన రశీదుతో వచ్చారు. గుమాస్తా నోటుని మూడుసార్లు వెలుగుకి పట్టి, ఆఖరికి వాసన చూసి అడిగాడట:

"ఏటి బాబూ, దీనికి ఊరగాయెట్టేరా?"

అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, ఉతకాల్సిన చీరలన్నీ నా ముందు వేసి కొంగులు తడిమి చూడమంది. మూడో చీరలో పాత బేడ, రెండణాల బిళ్ల, దొరికింది. ఉంచుకోమంది.