పదమూడో నంబరు

సోమందేపల్లెకు పడమరన ఉన్న గుట్టల వరసను ఊరివాళ్ళు రంపంగుట్ట అంటారు. నవంబరు రెండో ఆదివారం ఉదయం ఏడు గంటలకు పద్నాలుగు మంది దాని తూర్పు కొసన ఎక్కడం మొదలుపెట్టారు. గుట్ట అంచు వెంట, చేతులూ కాళ్ళూ ఆనించి పాకుతూ నాలుగు కిలోమీటర్లు పోవాలి. పడమటి కొసన ఆంజనేయస్వామి గుడి దగ్గర దిగాలి. వ్యాను అక్కడ ఉంటుంది.

వాళ్ళను తీసుకుపోయింది గార్లదిన్నె యేసన్న. వారమంతా పిల్లలకు ఆటలు నేర్పుతాడు, ఆదివారం పెద్దవాళ్ళను గుట్టలెక్కిస్తాడు. ఈ బృందంలో ఎవరికీ జీతం లేదు.

అంచు మీద బండల మధ్య మనుషులు ఒకరికొకరు కనపడరు. అందుకని యేసన్న అరగంటకోసారి ఆగి "లెక్క!" అని కేక వేస్తాడు. ముందు నుంచి వెనక్కి ఎవరి నంబరు వాళ్ళు అరవాలి. ఏ నంబరు రాకపోయినా అందరూ ఆగిపోవాలి. యేసన్న వెనక్కి వచ్చి చూస్తాడు.

పద్నాలుగో నంబరు జయంతి. చివరి మనిషి. ఆమె వెనక ఎవరూ మిగలకూడదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు జబ్బకు పచ్చగుడ్డ కట్టుకుంటారు. ఇవాళ సాఫీగా జరిగితే వచ్చే నెల ఆడవాళ్ళ బృందాన్ని జయంతే నడుపుతుందని యేసన్న చెప్పాడు.

పదమూడు మల్లీశ్వరి. గుట్టెక్కడం ఆమెకు ఇదే మొదలు.

ఇద్దరిదీ ధర్మవరంలో ఒకే వీధి. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పురిపెట్టి అతకాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. పదహారేళ్ళుగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ పని చేస్తున్నారు. ఒక్క పోగు తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. జయంతి అతికిన వైపు మల్లీశ్వరి మళ్ళీ చూసుకునేది కాదు.

"నీ ఎనక నేనుంటా మే. పడినా నా మీదే పడతావు" అని జయంతి ఆమెను బయలుదేరదీసింది.

"అట్లయితే ఇద్దరం పోతాం. మగ్గం కాడ ఎవురు కూసుంటారు?" అంది మల్లీశ్వరి. వ్యానులో అందరూ నవ్వారు.

పదకొండు గంటలకు ఒక బండ అడ్డం వచ్చింది. రెండు నిలువుల ఎత్తు. పన్నెండు మంది ఎక్కి ముందుకు పోయారు. మల్లీశ్వరి సగం ఎక్కి, మూరెడు వెడల్పున్న అరుగు మీద ఆగిపోయింది. రెండు చేతులతో బండను కరుచుకుంది. బరువు తగ్గుతుందని జయంతి ఆమె సంచి తీసుకుని, పక్క నెర్రెలోంచి పైకి ఎక్కి చెయ్యి చాపింది. అందలేదు. ఇంకోసారి చాపింది. అందలేదు.

"ఎనక్కి దిగిపో మల్లీ. కింద గొర్రెల దోవ ఉండాది, గుడి కాడికే పోతాది. యేసన్నకు నేను చెప్తాలే."

"మర్చిపోవద్దు."

"మర్చిపోతానా?"

జయంతి తల బండ వెనక్కి పోయింది. కాసేపటికి యేసన్న కేక వినపడింది. "లెక్క!" ఒకటి, రెండు, మూడు. పన్నెండు దాకా వచ్చింది. ఇప్పుడు జయంతి చెబుతుందని మల్లీశ్వరి ఎదురుచూసింది.

"పదమూడు!"

గొంతు సన్నం చేసి అరిచింది గానీ అది జయంతి గొంతే. వెంటనే మామూలు గొంతుతో "పద్నాలుగు!" అంది. యేసన్న ఈల వేశాడు. అడుగుల చప్పుడు దూరమైంది.

మల్లీశ్వరి "యేసన్నా!" అని అరిచింది. గాలి ఎదురు. నీళ్ళు సంచిలో ఉన్నాయి, ఫోనూ సంచిలోనే ఉంది. వెనక్కి దిగాలని కాలు జారవిడిచింది. ఎక్కేటప్పుడు కళ్ళ ముందున్న మెట్టు ఇప్పుడు కాలికి దొరకలేదు. కాలు పైకి లాక్కుంది.

అరగంట తర్వాత మళ్ళీ లెక్క వినపడింది. ఈసారి దూరం నుంచి. పన్నెండు తర్వాత పదమూడు వచ్చింది. జయంతి ఈసారి గొంతు కూడా మార్చలేదు.

అప్పుడు మల్లీశ్వరి తన నంబరు తాను అరవడం మొదలుపెట్టింది. "పదమూడు! పదమూడు!"

"ఏమమ్మా, పదమూడేంది? గొర్రెలు తప్పిపోయినాయా?" అని కింద నుంచి ఎవరో అడిగారు. గొర్రెల కాపరి సుంకప్ప, భుజాన కట్టెతో నిలబడి ఉన్నాడు.

"నేనే తప్పిపోయినా అన్నా. కాలు యాడ పెట్టాలో కనపళ్ళేదు."

"నీకు కనపడదు. నాకు కనపడతాండాది. బండ దిక్కు తిరుగు. ఎడమ కాలు దించు. ఇంగా. ఇంగో బెత్తెడు. ఆడ పెట్టు."

దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గుడి దాకా సుంకప్ప ముందు నడిచాడు.

రెండున్నరకు బృందం గుడి దగ్గర దిగింది. అందరికంటే వెనక రావలసిన జయంతి ముందుగా వచ్చి సంచి చేతికిచ్చింది.

"చెప్పలా, దోవ ఉండాదని? యేసన్నతో ఏమీ అనొద్దు మే. అందరూ ఆగిపోతారని ఒక మాట అరిచినా, అంతే."

మల్లీశ్వరి నీళ్ళు తాగింది.

వ్యాను ఎక్కే ముందు చివరి లెక్క. పన్నెండు తర్వాత ఎవరూ పలకలేదు.

"పదమూడు?" అన్నాడు యేసన్న.

"అను మల్లీ" అంది జయంతి.

"నువ్వే అను. పైన నేను ఇన్నంతలోనే రెండు మాట్లు అన్నావు కదా. ఇప్పుడు నన్నెందుకు అనమంటావు?"

యేసన్న ఇద్దరినీ చూశాడు. "ఏం జరిగింది జయంతక్కా?"

సుంకప్ప గుడి అరుగు మీద నుంచి లేచాడు. "ఈయమ్మ బండ మీద చిక్కుకొని పదమూడు పదమూడని అరస్తాండాదప్పా. లెక్క నువ్వు పెట్టినావా? బో బాగుండాది నీ లెక్క."

"నీ పరువు పోతాదనే నేను చెప్పలేదు మే" అంది జయంతి.

"నా పరువా?"

యేసన్న చెయ్యి చాపాడు. జయంతి పచ్చగుడ్డ ముడి విప్పి ఇచ్చింది. ధర్మవరం దాకా వ్యానులో పాట పెట్టమని కూడా ఎవరూ అడగలేదు.

మంగళవారం మల్లీశ్వరి మగ్గానికి కొత్త పడుగు వచ్చింది. జయంతి ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచి, ఎదుటి పీట మీద కూర్చుంది. మల్లీశ్వరి వద్దనలేదు. ఇద్దరూ సాయంత్రం దాకా పోగులు అతికారు.

జయంతి వెళ్ళిపోయాక మల్లీశ్వరి లేచి లైటు వేసింది. ఎదుటి పీట మీదకు మారి, జయంతి అతికిన వైపు మొదటి పోగు నుంచి చూసుకోవడం మొదలుపెట్టింది.