రవళి మోకాలికి స్కానింగ్

నేనొక స్కానింగ్ మిషన్‌ని. ఆ మాట వినగానే మీకు నిండు కడుపు గుర్తొచ్చింది కదూ? తప్పు మీది కాదు. నిజామాబాద్ దగ్గర ఒక ఆసుపత్రికి చెక్కపెట్టెలో దిగిన నాటి నుంచి పదేళ్లు గర్భిణుల గదిలోనే నా ఉద్యోగం. ఆడో మగో చెప్పబడదని గోడమీద బోర్డు ఉండేది. జనం దాన్ని శ్రద్ధగా చదివి, ఆ వెంటనే డాక్టరు మొహంలోకి ఆశగా చూసేవారు.

కొత్త మిషన్ రాగానే నన్ను పిల్లల విభాగానికి తోసేశారు. ఇక మూలన పడ్డట్టే అనుకున్నాను. కానీ అక్కడి డాక్టర్ సుచరిత నన్ను పిల్లల కీళ్లు చూసే పనిలో పెట్టింది. మోకాళ్లు, మడమలు, చిటికెన వేళ్లు. పెద్ద పదవి కాదు గానీ నాకు నచ్చింది.

ఒకరోజు పోశవ్వ అనే ఆమె తన మనవరాలు రవళిని తీసుకొచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్లు. పొద్దున లేచేసరికి మోకాలు బిగుసుకుపోయి గోడ పట్టుకుని నడుస్తుందట. మధ్యాహ్నానికి మామూలుగా ఆడుకుంటుందట. బడి ఎగ్గొట్టడానికి వేషాలని టీచరు తేల్చేసింది. పైగా ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు. దాంతో పోశవ్వ పిల్లను రెండుమూడు సార్లు కొట్టింది కూడా. ఆ సంగతి ఆమే గొప్పగా చెప్పింది. కీళ్లవాతం తనలాంటి ముసలివాళ్లకు వస్తుంది గానీ పిల్లలకు వస్తుందా అని ఆమె వాదన.

స్కానింగ్ చేద్దామంది డాక్టర్. పోశవ్వ పిల్ల చెయ్యి పట్టుకుని చటుక్కున లేచింది.

“పెండ్లిగాని పోరికి స్కానింగేంది డాక్టరమ్మా? ఊర్ల తెలిస్తే మా ఇజ్జత్ ఏంగావాలె?”

నాకు నవ్వొచ్చింది. డాక్టర్ మాత్రం నవ్వలేదు. ముందు మీ మోకాలే చూస్తానని పోశవ్వను బల్లమీద పడుకోబెట్టింది. చల్లటి జెల్ తగిలేసరికి ఆమె కాలు ముడుచుకుంది. అంతకుమించి ఏమీ జరగలేదని తెలిశాక రవళిని ఎక్కనిచ్చింది.

పిల్ల మోకాలి లోపల నల్లటి నీటి గుంట కనిపించింది. దాని చుట్టూ వాచిన పొరలో, రక్తం ఎక్కువగా పారుతున్న చోటల్లా ఎర్రటి చుక్కలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఇది పిల్లలకూ వచ్చే కీళ్లవాతమేనని డాక్టర్ వివరించింది. ఎముకకు ఇంకా హాని జరగలేదు కాబట్టే ఎక్స్‌రేకు దొరకలేదట. ఇప్పుడే మందులు మొదలుపెడితే కీలు దక్కుతుంది, ఆలస్యమైతే కాలు వంకరపోవచ్చు.

రవళి నా తెరకేసి చూసింది. “నేను అబద్ధం చెప్తలేనని దీంట్ల కనవడ్తుందా?”

కనబడుతోందంది డాక్టర్. పోశవ్వ పిల్ల మోకాలికి అంటిన జెల్‌ను తన కొంగుతో తుడిచింది. ఆమె మీద నాకు కోపం రావాలి, జాలే వేసింది.

నెలనెలా వచ్చారు, మందులు మానలేదు. అయిదో నెలలో మళ్లీ చూస్తే ఆ గుంట సన్నటి గీతంత అయింది. రవళి బల్ల దిగి వరండాలోకి పరుగెత్తింది. డాక్టర్ సంతోషంగా ఆ బొమ్మను అచ్చువేసి పోశవ్వకు ఇవ్వబోయింది. పోశవ్వ చెయ్యి చాపలేదు. మొదటి రోజుది ఉందా అని అడిగింది.

నేను ఏదీ పారేయను. డాక్టర్ వెతికి తీసి, ఇప్పుడిదెందుకమ్మా అంది.

“నేను కొట్టినప్పుడు దాని మోకాలు గిట్లుండె. గిది నా దగ్గర ఉండాలె.”