మేష్టారి తల వెనక

తాతాజీ మేష్టారు యోగా హాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, హాలుకు పైకప్పు లేదు, కిటికీల అవతల పాలకొల్లు వీధికి బదులు కాలవ నీళ్లు నెమ్మదిగా పోతున్నాయి, అయినా నాకేమీ వింతగా లేదు. ఆయన పోయి మూడు నెలలైందని నాకు తెలుసు, ఆయనకూ తెలిసినట్టే ఉంది, ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తడం లేదు.

"ఏరా నూకరాజూ, బ్రష్షు పట్టుకొచ్చావు, దేనికి?"

"మీ గోడ మీద రాత దిద్దడానికండీ," అంటాను, నా గొంతులో కారం నాకే తెలుస్తోంది. "ఈ హాలు కొత్త సెక్రటరీ కబురెట్టాడండీ. యోగానికి ఎనిమిది అంగాలంట. యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార దాకా బానే రాశానంట. ఆరోది ధారణ, ఏడోది ధ్యానం రావాలంట, నేను తిరగేశానంట. అయిదో తరగతి చదువంతేలే అని నలుగురిలో నవ్వాడండీ. పన్నెండేళ్లైంది రాసి! మీకు మొదటి రోజే తెలుసు కదండీ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం? నా వెనకాల మీరూ నవ్వుకున్నారా?"

హాలు పడవలా కాస్త ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది, నేను గీతలకు వాడే దారం అటు కొస ఆయన చేతిలోకి ఎలా వచ్చిందో వచ్చింది, ఇటు కొస నా వేలికి చుట్టుకుని ఉంది.

"ముందు ఎందుకు తిరగేశావో చెప్పు."

"అడుగున జాగా చాల్లేదండీ. కింది వరుసలు దగ్గరకొచ్చేశాయి. ధ్యానానికి యవత్తు వేలాడద్ది, అదొచ్చి సమాధి నెత్తిన పడతంది. ధారణకి వత్తు లేదు, ఒద్దికగా కూర్చుంటది. అందుకని దాన్ని కిందకి దింపేను. అందంగా ఉండాలి కదండీ."

మేష్టారు పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఆ నవ్వుకు దారం అదురుతుంది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! మనసును ఒకచోట నిలబెట్టడం ధారణరా. నిలబడ్డది తెగకుండా సాగితే ధ్యానం. ఆ వేళ నువ్వు పీట మీద కూర్చుని అక్షరాలు గీస్తుంటే చూశాను, పక్కన టీ చల్లారి మీగడ కట్టినా నీకు తెలీలేదు. నీకెందుకురా వరుస?"

"మాట మార్చకండి."

"ప్రారంభం రోజున తెల్లచొక్కా తొడుక్కుని మీ ఆవిణ్ణి తీసుకొచ్చావు. ఇదంతా నా చేతి రాతే అని ఒక్కో అక్షరం చూపించావు. అప్పుడు చెప్పమంటావా? నోరు రాలేదు."

"మరి పన్నెండేళ్లూ క్లాసులో ఏం చేశారు?"

"ఇక్కడే కూర్చున్నాను. నా తలకాయ సరిగ్గా ఆ రెండింటి మీదకీ వచ్చేది. వరుస నోటితో చెప్పేవాణ్ణి. నడుం లాగేస్తున్నా, తల పైకెళ్లిపోతుందని కుర్చీ వేయనివ్వలేదు."

గోడ మీది అక్షరాలు నీళ్లలో నీడల్లా కదులుతున్నాయి, నాకు ముక్కు మండుతోంది, ఇన్నేళ్లలో ఈయన రమ్మన్న ప్రతిసారీ పనుందని తప్పించుకున్నది గుర్తొస్తోంది.

"నన్ను నేర్చుకోమన్నారు. రాలేదండీ."

"ఇప్పుడొచ్చావుగా, కూర్చో." ఆయన పక్కకు జరిగి తన చోటే నాకిస్తారు, ఆనుకుంటే గోడ వెచ్చగా ఉంటుంది, ఆయన తలకు రాసే ఉసిరి నూనె వాసనేస్తుంది. "ఊపిరి పీల్చు, పూరకం. ఆపు, కుంభకం. ఇక వదులు, రేచకం."

"వదల్లేకపోతున్నానండీ."

"వదలరా సన్నాసీ, ఎన్నాళ్లని బిగబట్టుకుంటావు?"

వదిలాను. ఆ చప్పుడుకు నాకే మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం రెండు దాటింది. కేరియర్లో అన్నం తిని ఆ గోడకే ఆనుకుని కునుకు తీశాను, పక్కన డబ్బాలో రంగు మీగడ కట్టింది. తిరిగి చూశాను. పొద్దున కోపంలో తప్పొక్కటే చూశాను గానీ, ధ్యానం మీద సగం, ధారణ మీద సగం, తలకాయంత మేర గోడ నల్లగా జిడ్డుబారి ఉంది. దాని మీద రంగు నిలవదు, గీకాలి. వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉసిరి నూనె. నేను తలకు నూనె పెట్టి ఏళ్లయింది.