బాలవ్వ మీద పడే వాన

పొద్దున్నే బాలవ్వ గొడుగు పట్టుకొని డాబా ఎక్కి మిరపకాయలు ఎండబోసింది. ఫిబ్రవరి నెల. సూరత్ ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎదురు డాబా మీద బట్టలు ఆరేస్తున్న భూదేవి మాస్కు కిందికి లాగి, "ఇయ్యాల గట్టిగ పడ్తాందా పెద్దమ్మా?" అని పలకరించింది.

"తుంపర్లేనే," అంది బాలవ్వ.

ఆ వాన బాలవ్వ ఒక్కదాని మీదే పడుతుంది. కొంగు తడుస్తుంది, పక్కనున్న మిరపకాయలు తడవవు. పుట్టినప్పటి నుంచీ అంతే. సాంచాల మీద బట్ట నేసే పని వెతుక్కుంటూ సిరిసిల్ల నుంచి ఇక్కడికి వచ్చినా వాన వదల్లేదు. గల్లీలో ఎవరికీ అది వింత కాదు.

మనవరాలు రుచితకు మాత్రం అది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలనే పిచ్చి చిన్నప్పుడే పట్టుకుంది. చదివీ చదివీ చివరికి తెలుసుకుంది. ఎక్కడో నక్షత్రాల అవతల బయల్దేరిన కణాలు కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి మన గాలిని గుద్దుకుంటాయి. గుద్దుకున్న ప్రతిదీ వేల తునకలై జల్లులా నేలకు దిగుతుంది. అవి అందరి ఒంట్లోంచీ దూసుకుపోతాయి, ఎవరికీ తెలియదు. బాలవ్వకు మాత్రం వానై తెలుస్తుంది. కాస్మిక్ కిరణాలు వాటి పేరు. రుచిత వాటిలో మహా బలమైనవాటి మీద పీహెచ్‌డీ చేస్తోంది. అలాంటిది ఒక ఊరి మీద పడాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

కరోనాకు ల్యాబు మూసేస్తే, ఆ జల్లులను పసిగట్టేలా సొంతంగా చేసుకున్న ఆరు పెట్టెలతో ఇంటికొచ్చింది. డాబా మీద వాటిని పక్కపక్కనే పెట్టి పది నెలలుగా చిన్న జల్లులు పట్టుకుంటోంది. శుక్రవారం కమిటీ మీటింగు. పరిశోధన ఉంచుతారో ఆపేస్తారో ఆ రోజే తేలుతుంది. ఆపేస్తే ఏం చెయ్యాలో కూడా చూసుకుంది. కతర్‌గామ్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు సోమవారం నుంచి పాఠాలు చెప్పమన్నారు.

మంగళవారం బాలవ్వ పెట్టెల దగ్గర నిలబడి మోకాళ్లు రుద్దుకుంది.

"పెద్దది వత్తాంది బిడ్డా. నా ఎరుకల గింత పెద్దది రాలే. ఊరంత పడ్తది. నువ్వు పెట్టెలన్ని ఒక్కకాడ పెడితివి."

"ఎప్పుడు బాపమ్మా?"

"ఎల్లుండి, పగటి బువ్వ తినే యాళ్లకు."

రుచిత మెట్ల మీద కూలబడింది. దూరదూరంగా పెడితే తప్ప అంత పెద్ద జల్లు కొలతకు అందదు. కానీ పెట్టెలు కదిపితే పది నెలల లెక్కల వరస తెగిపోతుంది. కమిటీకి చూపించడానికి తన దగ్గరున్నది అదొక్కటే. సాయంత్రం దాకా అక్కడే కూచుంది. సచిన్ పారిశ్రామిక వాడలో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి రాజమౌళి అంతా విన్నాడు.

"నీకేమనిపిస్తాంది?" అని అడిగాడు.

"బాపమ్మ మాట ఎన్నడు తప్పలే బాపూ. గని భయమైతాంది."

"భయమైతే కానీ. యాడ పెట్టాల్నో చెప్పు."

మర్నాడు సెలవు పెట్టి బండి మీద ఒక్కో పెట్టే మోశాడు. కూలీలు ఇంకా తిరిగిరాక సగం కార్ఖానాలు మూతబడే ఉన్నాయి. సోమలింగం అనే మేస్త్రీ తాళాలు తీసి కప్పుల మీదికి తీసుకెళ్లాడు. రెండు కిలోమీటర్ల మేర ఆరు కప్పుల మీద ఆరు పెట్టెలు కూచున్నాయి.

గురువారం ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. బాలవ్వ జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోయి ఆగింది. అంతలోనే నడినెత్తి నుంచి అరికాళ్ల దాకా తడిసి ముద్దయింది. జుట్టు కొసల నుంచి ధారలు. "అబ్బబ్బ, ఏం వానరా!" అని చిన్నపిల్లలా నవ్వింది.

రుచిత ఎంగిలి చేత్తోనే ల్యాప్‌టాప్ తెరిచింది. ఆరు పెట్టెలూ ఒకే రెప్పపాటులో మోగాయి. మళ్లీ చూసింది. ఆరూ. ల్యాప్‌టాప్‌ను తండ్రి వైపు తిప్పింది.

"అది యాడికి పోదు గని, ముందుగాల అవ్వకు టవలియ్యి," అన్నాడు రాజమౌళి.

శుక్రవారం వీడియో మీటింగులో గైడు సుభాషిణి ఆరు పెట్టెల గ్రాఫు తెర మీద పెట్టింది. కమిటీ పెద్ద ఉమాకాంత్ గ్రాఫు మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"పది నెలలు కదపని పెట్టెలు బుధవారమే ఎందుకు కదిపావమ్మా?"

"మా బాపమ్మ చెప్పింది సార్."

"ఆవిడకు ఎప్పటి నుంచి తెలుస్తోంది?"

"పుట్టినప్పటి నుంచి సార్. డెబ్బై నాలుగేళ్లు."

ఉమాకాంత్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే నువ్వు మళ్లీ ఇక్కడికి రావద్దు. సూరత్‌లోనే స్టేషను పెడదాం. ఆరు పెట్టెలు చాలవు, నలభై కావాలి."

కోచింగ్ సెంటర్‌కు రుచిత ఆ పూటే ఫోన్ చేసి రానని చెప్పేసింది.

దసరా నాటికి పేపరు అచ్చయి వచ్చింది. రాజమౌళి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. "అవ్వా, నీ పేరు మూడోది!"

బాలవ్వ కాగితం తడవకుండా దూరంగా ఉండే చూసింది. "ముందుగాల ఇద్దరెవలు? ఆళ్ల మీద గూడ పడ్తదా?"

"ఒకటి నాది, ఒకటి మా మేడంది. మా మీద పడ్డా మాకు తెల్వదు బాపమ్మా. పెట్టెల చూసుకుంటం, గంతే."

"అయ్యో పాపం," అంది బాలవ్వ.