పసుపు పొట్టు

మా ఆయన భూమేశ్‌కు ఏదీ పారేయబుద్ధి కాదు. మస్కట్‌లో కంపెనీ మూతపడి ఇంటికొచ్చాక పెరట్లో గోబర్ గ్యాస్ గుంత కట్టించాడు. పెండలో నీళ్లు కలిపి, వరిగడ్డి సన్నగా తరిగి, కుళ్లిన కూరగాయలు చితక్కొట్టి అందులో పోశాడు. కొడిమ్యాలలో పసుపు కొమ్ములు పాలిష్ పట్టేచోట పొట్టు ఊరికే ఇస్తున్నారని నాలుగు బస్తాలు తెచ్చి అదీ కలిపాడు. పసుపు కదా, శుభమేనని నేనూ తలూపాను.

నెల దాటింది. రోజూ అగ్గిపుల్ల గీయడమే తప్ప మంట లేదు. మళ్లీ గల్ఫ్‌కు పంపిస్తానని కోరుట్ల ఏజెంటు మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"వచ్చే నెల ఇరవైకి ఫ్లైట్ ఉన్నదట. అప్పటిదాక గ్యాస్ రాకుంటే మళ్ల పోవుడే, సుధా" అన్నాడు భూమేశ్.

నాకు కోపమొచ్చింది. మా ఇంట్లో పొయ్యి తప్ప అన్నీ మండుతున్నాయి.

"పో. పొయ్యేటప్పుడు గీ గుంత గూడ మోసుకపో!" అని అరిచాను.

నా అరుపుకు పక్కింటి లచ్చవ్వ వచ్చింది. గుంతలోకి తొంగి చూసి, పసుపు పొట్టు కనబడగానే ముక్కు మీద వేలేసుకుంది.

"పుండుకు పసుపెందుకు పెడ్తం, బిడ్డా?"

"పురుగు వట్టకుంట."

"మరి పెండను మురుగబెట్టేది పురుగే గదా! దానికే మందేస్తిరి. మా పెంటకుప్పల పసుపు పొట్టు ఏసిన కాడ ఏడాదైనా మురుగలే."

ఇంత చదివిన నాకు ఆ మాట తట్టనేలేదు. సిగ్గేసింది.

ముగ్గురం కలిసి గుంత ఖాళీ చేశాం. మళ్లీ నింపడానికి మా ఒక్క ఆవు పెండ చాలదు. మర్నాటి నుంచి లచ్చవ్వ పిడకలు కొట్టడం మానేసి, తన రెండు బర్రెల పెండను గంపకెత్తుకుని తెచ్చింది. తన పొయ్యిలోకి పత్తికట్టె ఏరుకుంది. వద్దన్నా వినలేదు.

"నా కొడుకు మధుకర్ దుబాయ్ పోయి ఏడేండ్లాయె. నీ మొగడన్న ఊర్లె ఉండని" అంది.

ఆమె రుణం ఈ జన్మలో తీర్చుకోలేను.

పద్దెనిమిదో తారీఖు పొద్దున పొయ్యి భగ్గుమంది. నీలం మంట. భూమేశ్ పిల్లాడిలా కేక పెట్టి, ఆ కేకతోనే ఏజెంటుకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు. నేను ఏడుస్తూనే చాయ్ పెట్టి మొదటి గ్లాసు లచ్చవ్వకిచ్చాను.

ఆమె చాయ్ పక్కన పెట్టి కొడుక్కి వీడియో కాల్ చేయమంది. ఫోను మంట ముందు పట్టుకుంది.

"కొడుకా, గీ మంట మన బర్ల పెండతోని అచ్చింది. సూసినవా?"

దుబాయ్‌లో మధుకర్ ఫోనుకు దగ్గరగా వంగి మంటను చూశాడు.

"భూమేశన్నా, గుంత ఎంత లోతు తవ్విన్రే?"