ఉప్పు, ఐసు, ఆరు గొట్టాలు

ఎనిమిదో సీసా తోమి బోర్లిస్తుండగా పక్కగదిలోంచి కుసుమకుమారి కేక వినబడింది. కూర్మమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

పొట్టి మనిషి, గట్టి మనిషి. సబ్బునీళ్ళకు నాని వేళ్ళు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. శ్రీకాకుళం చివర ఉన్న ఈ కాలేజీ ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా సీసాలు కడుగుతోంది. అంతకుముందు శ్రీకూర్మం దగ్గరి తన పల్లె నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగింది. ఇవాళ్టితో కొలువు ఆఖరు. సాయంత్రం నాలుగింటికి శాలువా కప్పుతామని ల్యాబు పెద్ద జగన్నాధం సారు చెప్పారు. మే నెల ఎండలో శాలువా! పెద్దల ఆలోచనలు పెద్దవి మరి.

ఈ ల్యాబులో ఆమె చెయ్యి పడని వస్తువు లేదు. గుండ్రటి అడుగున్న పెద్ద గాజుకుప్పె బల్లమీద నిలబడకపోతే, రబ్బరు వలయం తెప్పిస్తామన్నారు. ఇంతవరకూ తెప్పించలేదు. తట్ట కింద పెట్టుకునే పాతచీర చుట్టకుదురు తెచ్చి, కుప్పెను దానిమీద కూర్చోబెట్టింది కూర్మమ్మే.

ముట్టుకోకూడనిది ఒక్కటే, మూలనున్న పెద్ద ఫ్రీజరు. చేరిన కొత్తలో ఒక సీసాలో నీళ్ళు మబ్బుగా కనబడితే, పులిసిన గంజి అనుకుని పారబోసి తళతళలాడేలా తోమి పెట్టింది. అది గంజి కాదు, సారు కంటికి రెప్పలా పెంచుకున్న సూక్ష్మజీవులు. ఆనాడు ఫ్రీజరు తలుపుకు అంటించిన 'కూర్మమ్మ ముట్టుకోరాదు' అన్న కాగితం పసుపుపచ్చగా మారింది గాని ఊడలేదు. ఆమెకు చదువు రాదు. అయినా తన పేరు మాత్రం పోల్చుకోగలదు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

"ఏటి పాపా, ఏటయింది?"

కుసుమకుమారి నేలమీద కూలబడి ఉంది. నరసన్నపేట దగ్గరి రైతుబిడ్డ, ఇక్కడ పరిశోధన చేస్తోంది. ఎదురుగా విశాఖపట్నం నుంచి వచ్చిన థర్మకోలు పెట్టె. మూత సందు విడిచి ఉంది. లోపల ఏమీ లేదు.

"డ్రై ఐస్ అంతా దారిలోనే పోయింది, పిన్నీ."

"పోతే నీళ్ళయినా ఉండాల గదా?"

"అది కరగదు. పొగైపోతుంది."

కూర్మమ్మకు ఆ ఐసు మీద గౌరవం పోయింది.

ఫ్రీజరులో ఆరు చిన్న గొట్టాలున్నాయి. మూడేళ్ళ కష్టం. మనిషి ఒంట్లోని ఒక ప్రొటీనును, దాని జన్యువు ఎక్కించిన సూక్ష్మజీవుల చేత తయారు చేయించింది కుసుమకుమారి. కణం లోపల సరుకును చిన్నచిన్న సంచుల్లో కట్టి పైపొరదాకా చేర్చే ప్రొటీను అది. రేపు పొద్దున హైదరాబాదులో పెద్ద మైక్రోస్కోపు ముందు దాని పని చూడాలి. ఈ వంతు తప్పితే మళ్ళీ ఏడాదికి. ఈలోగా ఆమె స్కాలర్‌షిప్ గడువు అయిపోతుంది. రైలుకు మూడు గంటల టైముంది. మైనస్ పది కన్నా వెచ్చబడితే గొట్టాల్లోది ఎందుకూ పనికిరాదు. మామూలు ఐసు సున్నా దగ్గరే ఆగిపోతుంది.

"మైనస్సంటే మరీ సల్లనా? దానికేటి, ఉప్పెయ్యాల," అంది కూర్మమ్మ.

అక్క కొడుకు గోవింద్‌కు ఫోను చేసింది. అరగంటలో అతని ఆటోలో ఐసుదిమ్మ, దొడ్డుప్పు, ఊక బస్తా దిగాయి. కూర్మమ్మ చీర ఎగదోపి, ఐసును గోనెలో వేసి చెక్కసుత్తితో దంచడం మొదలెట్టింది. ల్యాబు ల్యాబంతా చుట్టూ మూగింది. జగన్నాధం సారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చారు.

"కూర్మమ్మా, ఇది చేప కాదు."

"తెలుసు సారూ. సేపకన్నా సిన్నది. వంజరం కలకత్తా పోవాలంటే ఇలాగే కడతాం."

మూడు దోసిళ్ళ ఐసు, ఒక దోసిలి ఉప్పు. మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. కుసుమకుమారి థర్మామీటరు గుచ్చింది. సున్నా. మైనస్ నాలుగు. మైనస్ తొమ్మిది. అక్కడ అంకె మొరాయించింది. కూర్మమ్మ మోచేతి దాకా చెయ్యి దూర్చి కలియబెట్టి, ఇంకో దోసిలి ఉప్పు చల్లింది. పదకొండు. పద్నాలుగు. మైనస్ పదిహేడు.

కుసుమకుమారి చప్పట్లు కొట్టింది. తర్వాత ఏడ్చింది. జగన్నాధం సారు ఫ్రీజరు దగ్గరికి వెళ్ళి, ఆ పసుపు కాగితాన్ని గోటితో గీకి ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వే తియ్యి, కూర్మమ్మా."

ఆమె మందపాటి తొడుగులు వేసుకుని ఫ్రీజరు తలుపు తెరిచింది. ఆరు గొట్టాలనూ స్టీలుడబ్బాలో పెట్టి, ఐసులో పాతి, మీద ఊక, ఆపైన తడిగోనె కప్పింది.

"దారిలో ఐసు కరిగితే?" అన్నారు సారు.

"ఇశాపట్నంలో మా బుల్లమ్మ, రాజమండ్రిలో దాని కోడలు టేసనుకి వస్తారు. ఐసూ ఉప్పూ అందిస్తారు. సేపలోళ్ళం సారూ, రైలు పొడుగునా ఉన్నాం."

మూడున్నరకు ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద కూర్మమ్మ చివరి దోసిలి ఉప్పు వేసి మూత బిగించింది. కుసుమకుమారిని ఎక్కించుకుని రైలు కదిలాక, కాలేజీకి తిరిగి వెళ్దామా అని గోవింద్ అడిగాడు.

"ఎందుకురా? పనైపోనాది. ఇంటికి పోనీ," అంది. ఆటోలో కూర్చున్నాక గాని ఉప్పు కోసిన వేళ్ళు మండుతున్న సంగతి తెలియలేదు. ఆ మంట కూడా ఆమెకు బాగుంది. దారంతా నవ్వుకుంటూనే ఉంది.

మర్నాడు పదిన్నరకు ల్యాబు ఫోను మోగింది.

"సార్, పెట్టె తెరిచేసరికి మైనస్ పన్నెండు!" అవతల కుసుమకుమారి గొంతు ఆగడంలేదు. "బతికే ఉంది సార్. సంచులు పైపొరదాకా వెళ్తున్నాయి. నా కళ్ళతో చూశాను. ముందు పిన్నికి ఇవ్వండి సార్, పిన్నికి చెప్పాలి."

జగన్నాధం సారు ఫోను పట్టుకుని, అలవాటుగా, "కూర్మమ్మా" అని పిలిచారు.

సీసాలు కడిగే తొట్టి పొడిగా ఉంది. కుర్చీ మీద విప్పని శాలువా ఉంది. కిటికీ పక్కన పెద్ద గాజుకుప్పె, పాతచీర చుట్టకుదురు మీద నిలకడగా కూర్చుని ఉంది.